సాహెల్‌లో సైన్యమే సర్కారైన వేళ

2021 నవంబరు 14న, సహారా ఎడారికి దక్షిణపు అంచైన సాహెల్‌లోని బుర్కినా ఫాసో ఉత్తరాన, ఇనాటా బంగారు గని దగ్గరున్న సాయుధ పోలీసుల ఔట్‌పోస్టుపై ఉగ్రవాదులు విరుచుకుపడి యాభైమందికి పైగా ప్రాణాలు తీశారు. అంతకు కొద్దిరోజుల ముందే అక్కడి సిబ్బంది పైవాళ్లకు కబురు పంపారు. రెండు వారాలుగా సరుకుల్లేవనీ, చుట్టుపక్కల దొరికిన జంతువులను వేటాడి కడుపు నింపుకుంటున్నామనీ మొరపెట్టుకున్నారు. దేశం భగ్గుమంది. రెండు నెలలు తిరిగేసరికి, 2022 జనవరిలో, లెఫ్టినెంట్ కల్నల్ దమీబా నాయకత్వాన సైన్యం అధ్యక్షుణ్ని దించేసింది. దమీబా అమెరికా సైనిక శిక్షణల్లో పాల్గొన్న అధికారి.

ఆ ఆకలినీ ఈ శిక్షణనూ కలిపి చూడాలి. ఉగ్రవాదంపై పోరు పేరిట బయటి దేశాలు ఏళ్ల తరబడి పోసిన బలమంతా సైన్యంలోని పైపొరకే పట్టింది. అడుగునున్న సిపాయికీ, అతను కాపాడాల్సిన పల్లెకూ చేరలేదు. 2014లో మొదలైన ఆపరేషన్ బర్ఖాన్ కింద ఫ్రాన్స్ ఒక దశలో ఐదు వేలమందికి పైగా సైనికులను దింపింది. నైజర్ ఎడారిలోని అగాదెజ్ దగ్గర అమెరికా పది కోట్ల డాలర్లకు పైగా పోసి డ్రోన్ల స్థావరం కట్టింది. కోర్టు, బడి, ఆసుపత్రి మాత్రం పల్లెకు ఎప్పటిలాగే దూరం. బలహీనమైన రాజ్యంలో ఒక్క అంగమే బలిస్తే, చివరికి అది రాజ్యాన్నే మింగుతుంది. 2020లో మాలీ గద్దెనెక్కిన అసిమి గొయితా ప్రత్యేక దళాల అధికారే. 2023లో నైజర్ తిరుగుబాటుదారుల పక్కన నిలిచిన ముస్సా బర్మూ అమెరికాలో శిక్షణ పొందిన ప్రత్యేక దళాల అధిపతి.

అక్కడ సైనిక తిరుగుబాట్లు కొత్తా అని అడగవచ్చు. కొత్త కాదు, మాలీలో 1968లోనే జరిగింది. కానీ పక్కపక్కనున్న మూడు దేశాల్లో మూడేళ్లలో ఐదు తిరుగుబాట్లు జరగడం పాత అలవాటుతో మాత్రమే తేలే లెక్క కాదు. 2013లో ఫ్రాన్స్ రాకపోతే మాలీ రాజధాని బమాకోయే జిహాదీ దండు చేతికి పోయేదన్న వాదనలో బలముంది, ఒప్పుకుంటాను. అయితే దండును అడ్డుకోవడం వారాల పని. మేత బీళ్ల తగాదా తీర్చి మనుషులను తనవైపు నిలుపుకోవడం ఏళ్ల పని. ఆ తీర్పరి స్థానంలోకి జిహాదీలు చొరబడ్డారు.

సైనిక పాలకులు ఫ్రాన్స్‌ను పంపించి రష్యాను పిలిచినా మందు మారలేదు. 2022 మార్చి చివర్లో, సంతరోజున, మాలీలో మూరా అనే పల్లెపై హెలికాప్టర్లు దిగాయి. మాలీ సైన్యం, వెంట వచ్చిన విదేశీ సాయుధులు కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తేల్చింది. ఇలాంటి చావులు ఎటు నెడతాయో తెలియనిది కాదు. ఆఫ్రికాలో ఉగ్రవాద సంస్థల్లో చేరినవారిని పలకరించి ఐరాస అభివృద్ధి కార్యక్రమం 2017లో ఇచ్చిన నివేదికలో, అయినవాళ్లను చంపడం, పట్టుకుపోవడం వంటి ప్రభుత్వ చర్యలే తమను ఆఖరుగా అటు తోశాయని 71 శాతం మంది చెప్పారు.

మరి చేతులు ముడుచుకు కూర్చోవాలా? పక్కనే ఉన్న మారిటేనియాను చూడండి. అక్కడా సైన్యం ఉంది, గస్తీ ఉంది. కానీ ఒంటెలపై తిరిగే దళాలు సంచార కుటుంబాలను పలకరిస్తూ, వైద్యం అందిస్తూ కబుర్లు తెలుసుకుంటాయి. జైల్లోని తీవ్రవాదులతో మతపెద్దలు కూర్చుని వాదించారు. 2011 తర్వాత ఆ దేశంలో పెద్ద దాడి జరగలేదు.

సరిహద్దుకు ఇవతల, మాలీలో, సంగతి వేరు. 2025 జూలై 1న కాయెస్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి సాయుధులు ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారు. వారిలో తెలుగువాడూ ఉన్నాడు. సెప్టెంబరు నుంచి జిహాదీలు పెట్రోలు ట్యాంకర్లను దారికాచి తగలబెట్టసాగారు. ఊళ్లకు కాపలా ఉండాల్సిన సైనికులు లారీల వెంట నడవాల్సి వచ్చింది. అక్టోబరు చివరికి పిల్లలను, పంతుళ్లను చేరవేయడానికి ఇంధనం లేక మాలీ ప్రభుత్వం దేశమంతటా బడులకు రెండు వారాలు సెలవు ఇచ్చింది.