తక్కువ ఖర్చుతో రామేశ్వరం

రామేశ్వరం దీవి మీద ఉన్న ఊరు. చుట్టూ సముద్రమే. అయినా పడవ ఎక్కనక్కరలేదు. సముద్రం మీద 1914లో రైలు వంతెన కట్టారు. అది పాతబడిపోతే, పక్కనే కొత్తది కట్టి 2025లో తెరిచారు. బస్సులకు వేరే వంతెన ఉంది.

చెరుకుపల్లి వాళ్లు తెనాలిలో చెన్నై రైలు ఎక్కాలి. అక్కడ రామేశ్వరం రైలుకు మారాలి. చెన్నైలో స్టేషన్లు చాలా ఉన్నాయి. దిగేది ఒకటి, ఎక్కేది ఇంకొకటి కావచ్చు. టికెట్టు కొన్నప్పుడే అడిగి, ఆ స్టేషను పేరు తెలుగులో రాసి పెట్టుకోవాలి.

తమిళనాడులో బోర్డులు అరవంలో ఉంటాయి. "మన చదువు అక్కడేం పనికొస్తుంది?" అనుకోవద్దు. అంకెలు అక్కడా ఇవే. రైలు నంబరు, పెట్టె నంబరు, బస్సు చార్జీ, గది అద్దె అన్నీ అంకెలే. ఆటో ఎక్కేముందు రేటు కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట మారుతుంది. రాసిన అంకె మారదు.

లాడ్జీ కన్నా సత్రం చౌక. సముద్ర స్నానానికి డబ్బు అక్కరలేదు. రామనాథస్వామి గుడిలో 22 తీర్థాలు ఉన్నాయి. వాటిలో చాలా వరకు బావులే. ఆ స్నానానికి టికెట్టు ఉంది. కౌంటరులోనే కొనాలి, మధ్యవాళ్లకు డబ్బు ఇవ్వకూడదు.

పక్కనున్న ధనుష్కోటికి బస్సులో పోవచ్చు. 1964 డిసెంబరు తుపానులో ఆ ఊరు కొట్టుకుపోయింది. 1977 ఉప్పెన చూసిన మనవాళ్లకు ఆ బాధ తెలుసు. అందుకే తుపానుల రోజుల్లో వెళ్లవద్దు. సంక్రాంతి దాటాక వెళ్లడం మేలు.

తిరుగు చార్జీ ముందే లెక్కకట్టి విడిగా దాచాలి. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసుకోవాలి. అప్పుడు యాత్ర అప్పుగా మిగలదు.