సూరత్ బట్టపై పన్ను: సర్కారుకు రాజ్యాంగం గీసిన గీత

ప్రభుత్వానికి ఉన్న అధికారాలలో సామాన్యుడికి నిత్యం అనుభవంలోకి వచ్చేది పన్ను వేసే అధికారమే. ఆ అధికారానికి భారత రాజ్యాంగం 265వ అధికరణలో ఒకే ఒక్క వాక్యంతో హద్దు విధించింది. చట్టం అనుమతిస్తే తప్ప ఏ పన్నునూ విధించరాదు, వసూలు చేయరాదు అన్నది దాని సారాంశం. ఆ వాక్యం విలువ ఎంతటిదో గుజరాత్‌లోని సూరత్ నగర చరిత్ర చెప్పినంత స్పష్టంగా మరే నగర చరిత్రా చెప్పదేమో!

ఉప్పుపై సుంకం పెంచినందుకు 1844లో సూరత్ ప్రజలు కంపెనీ పాలకులపై తిరగబడ్డారు. లైసెన్సు పన్నును నిరసిస్తూ 1878లో వర్తకులు దుకాణాలు మూసివేయగా నగరం అట్టుడికింది. అర్ధశతాబ్ది తర్వాత, 1928లో అదే సూరత్ జిల్లాలోని బార్డోలీ తాలూకాలో ప్రభుత్వం భూమిశిస్తును దాదాపు 22 శాతం పెంచింది. ఆ నిర్ణయం శాసనసభ చేసినది కాదు, రెవెన్యూ యంత్రాంగం చేసినది. దాన్ని ప్రశ్నించడానికి సివిల్ కోర్టుకు వెళ్లే దారి కూడా లేదు. శిస్తు వ్యవహారాలలో కోర్టుల జోక్యాన్ని నిషేధిస్తూ 1876లోనే ప్రభుత్వం చట్టం తెచ్చుకుంది. రైతుకు మిగిలిన మార్గం సత్యాగ్రహం ఒక్కటే. వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వాన రైతులు శిస్తు నిరాకరించారు. భూములు, పశువులు జప్తు అయినా చలించలేదు. చివరకు ఏర్పాటైన విచారణ సంఘం, న్యాయమైన పెంపు 6 శాతం చిల్లర మాత్రమేనని తేల్చింది.

తెలుగువారికి ఈ అనుభవం కొత్త కాదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన చీరాల-పేరాల ప్రజలు మునిసిపల్ పన్ను కట్టడానికి నిరాకరించి ఊరే విడిచి వెళ్లారు. ఆ వెంటనే పెదనందిపాడు రైతులు పన్నుల నిరాకరణోద్యమం సాగించారు. పన్ను వేసేవాడు ఒకడు, దాని గురించి మాట్లాడే హక్కు లేనివాడు మరొకడు అయినప్పుడు ఇల్లూ పొలమూ పణంగా పెట్టడం తప్ప గత్యంతరం లేదని ఈ ఘటనలన్నీ చాటాయి. బార్డోలీ నాయకుడు పటేలే తర్వాత, 1947లో, రాజ్యాంగ సభ ప్రాథమిక హక్కుల సలహా సంఘానికి అధ్యక్షుడయ్యారు.

ఎవరి పరిధి ఎంత?

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం పన్నుల అధికారాన్ని ఒకరి చేతిలో పెట్టలేదు. ఏడో షెడ్యూలు ద్వారా వస్తువుల తయారీపై ఎక్సైజు సుంకం ప్రధానంగా కేంద్రానికి, అమ్మకపు పన్ను రాష్ట్రాలకు దక్కాయి. బట్టల విషయంలో 1957లో ప్రత్యేక ఏర్పాటు జరిగింది. వస్త్రాలు, చక్కెర, పొగాకుపై రాష్ట్రాలు అమ్మకపు పన్ను వదులుకొనగా, బదులుగా కేంద్రం అదనపు ఎక్సైజు సుంకం వసూలు చేసి పంచసాగింది. ఫలితంగా బట్టల వర్తకుడికి అమ్మకపు పన్ను అధికారులతో దశాబ్దాల పాటు పెద్దగా పని పడలేదు.

ఈ వ్యవస్థను మార్చాలంటే పార్లమెంటులో మెజారిటీ ఒక్కటే చాలదు. ఏడో షెడ్యూలును తాకే సవరణను కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు ఆమోదించాలని 368వ అధికరణ శాసిస్తోంది. ఆ ప్రక్రియ పూర్తయిన మీదటే 2016 సెప్టెంబరులో 101వ సవరణ చట్టమైంది. 2017 జులై 1 నుంచి వస్తు సేవల పన్ను (జీఎస్‌టీ) అమలులోకి వచ్చింది.

మార్కెట్ మూత

కృత్రిమ నూలు వస్త్రాలకు సూరత్ దేశంలోనే పెద్ద కేంద్రం. చీరలు, డ్రెస్ మెటీరియల్ ఇక్కడి నుంచి నలుమూలలకూ వెళతాయి. ఒడిశా మొదలు తెలంగాణ వరకు పలు ప్రాంతాల నుంచి వలస వచ్చిన కార్మికులు ఇక్కడి మరమగ్గాలపై బతుకుతున్నారు. తెలుగు పద్మశాలీ కుటుంబాలు వీరిలో చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నాయి. బట్టపై 5 శాతం పన్నును వ్యతిరేకిస్తూ 2017 జులైలో రెండు వారాలకు పైగా సూరత్ బట్టల మార్కెట్లు మూతపడ్డాయి. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది గనుక ఆ భారం వర్తకులకన్నా కార్మికులను ఎక్కువగా కుంగదీసింది.

1928కీ 2017కీ తేడా ఇక్కడే ఉంది. ఈసారి పన్ను ప్రజాప్రతినిధుల సభలు చేసిన చట్టం ద్వారా వచ్చింది. పన్ను తేలికగా ఉండాలని 265వ అధికరణ ఎక్కడా హామీ ఇవ్వదు. అది ఎవరు వేయాలో, ఏ పద్ధతిలో వేయాలో మాత్రమే చెబుతుంది. బట్టపై 5 శాతం పన్ను రద్దు కాలేదు. అయితే అదే ఏడాది అక్టోబరులో కృత్రిమ నూలుపై పన్ను 18 నుంచి 12 శాతానికి తగ్గింది.

అసలు చిక్కు ఈ నూలు వద్దనే ఉంది. 100 రూపాయల నూలు కొని 18 రూపాయలు పన్ను కట్టిన మగ్గందారు, ఆ నూలుతో నేసిన బట్టను 200 రూపాయలకు అమ్మితే రాబట్టుకునే పన్ను 10 రూపాయలే. మిగిలిన 8 రూపాయలు ఖాతాలో కనిపిస్తాయి గాని చేతికి రావు. చిన్న మగ్గందారుకు అది పెట్టుబడి స్తంభించిపోవడమే. వాపసుకు 2018 ఆగస్టు 1 నుంచి వీలు కల్పించిన ప్రభుత్వం, అంతవరకు పేరుకున్న జమ మొత్తం రద్దవుతుందని నోటిఫికేషన్‌లో మెలిక పెట్టింది.

నేతదారులు గుజరాత్ హైకోర్టుకు వెళ్లారు. శబ్నం పెట్రోఫిల్స్ కేసులో 2019 జులైలో హైకోర్టు తీర్పు చెబుతూ, వాపసును పరిమితం చేసే అధికారాన్ని చట్టం ఇచ్చింది గాని, జమను రద్దు చేసే అధికారాన్ని ఇవ్వలేదని స్పష్టం చేసింది. చట్టం ఇవ్వని అధికారాన్ని నోటిఫికేషన్ ద్వారా తెచ్చుకోవడం చెల్లదన్నమాట! బార్డోలీ రైతుకు మూసుకుపోయిన కోర్టు తలుపు సూరత్ నేతదారుకు 226వ అధికరణ రూపంలో తెరిచి ఉంది.

మండలిలో ఓటు

రెండో కట్టడి జీఎస్‌టీ మండలి నిర్మాణంలోనే ఉంది. 279ఎ అధికరణ ప్రకారం మండలిలో కేంద్రం ఓటు విలువ మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నింటిదీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. అంటే కేంద్రం కాదంటే రాష్ట్రాలన్నీ ఏకమైనా నెగ్గలేవు. ఓటింగులో పాల్గొన్న రాష్ట్రాలలో ఎనిమిదింట అయిదు వంతులు వెంట రాకపోతే కేంద్రమూ నెగ్గలేదు. పెద్ద రాష్ట్రమైనా చిన్న రాష్ట్రమైనా ఓటు విలువ సమానం. అందువల్ల సాధారణంగా నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరుగుతున్నాయి. మొదటిసారి ఓటింగు జరిగింది 2019 డిసెంబరులో, లాటరీలపై పన్ను విషయంలో.

2022 జనవరి 1 నుంచి బట్టపై పన్నును 5 నుంచి 12 శాతానికి పెంచాలన్న నిర్ణయం ఈ కట్టడికి తగిన ఉదాహరణ. సూరత్ వర్తకులు నిరసించారు. పాలియెస్టర్ బట్ట నేసే సిరిసిల్ల మరమగ్గాలూ దెబ్బతింటాయి గనుక నాటి తెలంగాణ జౌళి మంత్రి కె.టి.రామారావు వ్యతిరేకించారు. గుజరాత్ సహా పలు రాష్ట్రాలు అభ్యంతరం తెలిపాయి. అమలుకు ఒక రోజు ముందు, 2021 డిసెంబరు 31న మండలి అత్యవసరంగా సమావేశమై పెంపును వాయిదా వేసింది. పార్టీలు వేరైనా మగ్గం సమస్య ఒక్కటేనని ఆనాడు రుజువైంది.

మండలి సైతం సర్వాధికారి కాదు. గుజరాత్ హైకోర్టు నుంచి వచ్చిన మోహిత్ మినరల్స్ కేసులో 2022 మే 19న సుప్రీంకోర్టు, మండలి సిఫారసులు పార్లమెంటు, రాష్ట్ర శాసనసభలను కట్టిపడేయజాలవని, వాటికి సలహా విలువే ఉంటుందని ప్రకటించింది. పన్ను వేసే అంతిమ అధికారం ప్రజలు ఎన్నుకున్న సభలదేనని దీని భావం.

మిగిలిన వెలితి

కృత్రిమ నూలుపై పన్నును 12 నుంచి 5 శాతానికి తగ్గించడంతో 2025 సెప్టెంబరు 22న నూలుకు, బట్టకు మధ్య వ్యత్యాసం తొలగిపోయింది. 2017లో మొదలైన చిక్కు విడిపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో అప్పు చేసి మగ్గం నడిపినవారి నష్టాన్ని ఏ సవరణా తిరిగి చెల్లించదు. పెద్ద సంస్థ న్యాయవాదిని పెట్టుకోగలదు, వర్తక సంఘం మంత్రిని కలవగలదు. దినసరి కూలీకి హైకోర్టూ దూరమే, మండలీ దూరమే. రాజ్యాంగం తలుపులు తెరిచి ఉంచింది గాని, అక్కడి దాకా నడిచే శక్తి అందరికీ సమానంగా లేదు.

అయినా బార్డోలీ నాటి రైతు భూమి పోగొట్టుకునేందుకు సిద్ధపడితే గాని సర్కారు మాట వినలేదు. నేటి నేతదారు రిట్ పిటిషన్ వేసి సర్కారు నోటిఫికేషన్‌ను ఓడించగలిగాడు. పాలకుల మంచితనం మీద కాక రాతపూర్వకమైన హద్దుల మీద ఆధారపడే పాలనకు ఉన్న బలం అదే. ఆ హద్దులు త్వరగా పనిచేసేలా, చిన్నవాడికీ అందేలా చూడడం శాసనకర్తలపై, న్యాయస్థానాలపై మిగిలి ఉన్న బాధ్యత.