పురిటింటి గుమ్మమున వేపమండ

నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడకు చేరువగా వేములపల్లి యను ఊరు కలదు. వేము అనగా వేప. ఊరి పేరులోనున్న ఈ చెట్టునకును తెలుగింటి పురిటికిని తరతరాల చుట్టరికమున్నది. బిడ్డ పుట్టినంతనే పురిటింటి గుమ్మమునకు వేపమండ కట్టుట పెద్దల ఆచారము. బయటి కీడేదియు గడప దాటి పసికందును చేరరాదని వారి తలంపు. పసికందునకు శత్రువున్నదను ఊహలో పొరపాటు లేదు. ఆ శత్రువు వచ్చు దారిని గుర్తించుటలోనే పొరపాటు జరిగినది. అది గడప దాటి వచ్చినది కాదు. బొడ్డు కోసిన కొడవలి అంచున, బొడ్డుపై అద్దిన పిడకల బూడిదలో, అది ముందే ఇంటిలో కూర్చుండినది. దాని పేరు ధనుర్వాతము.

పేరులోనే రోగస్వరూపము ఇమిడియున్నది. శరీరము వింటివలె వంగిపోవుటచేత ఆ పేరు వచ్చినది. సుశ్రుత సంహితలో ఈ లక్షణమును బట్టియే ధనుస్తంభమను పేరు కానవచ్చును. నవజాత శిశువునందు ఈ వ్యాధి కనబడు తీరు మిక్కిలి దారుణమైనది. పుట్టిన మొదటి రెండు దినములు బిడ్డ చక్కగా పాలు త్రాగును, ఏడ్చును, నిద్రించును. పిమ్మట, మూడవ దినము మొదలు ఇరువదియెనిమిదవ దినములోపల, తరచుగా మొదటి వారము దాటు వేళకు, చన్ను పట్టలేకపోవును. దవుడలు బిగిసికొనును. మెడయు వీపును కొయ్యబారును. వెలుతురు పడినను, చప్పుడు వినబడినను, ఎవరైన తాకినను ఒడలెల్ల ఈడ్చుకొనిపోవును. బాధపడు బిడ్డను ఎత్తి గుండెకు హత్తుకొనుట తల్లికి సహజము. ఈ వ్యాధిలో ఆ తల్లి స్పర్శయే బిడ్డకు మరియొక ఈడ్పును తెచ్చిపెట్టును. వైద్యము అందనిచో ఇంచుమించు ప్రతి శిశువును మరణించును. గాలి సోకినదనియు, దిష్టి తగిలినదనియు ఇంటివారు తాయెత్తులు కట్టించి, చివరకు నుదుటి వ్రాతయని కన్నీరు తుడుచుకొనెడివారు.

వాస్తవమునకు ఈ రోగకారణము ఒక సూక్ష్మజీవి. మట్టియందును, పశువుల ప్రేగులయందును, పేడయందును అది నివసించును. పరిస్థితులు అనుకూలింపనపుడు విత్తనమువంటి గట్టి రూపము దాల్చి సంవత్సరముల తరబడి మట్టిలో పడియుండును. మరుగు నీటిని సైతము కొంతసేపు ఓర్చుకొనును. ప్రాణవాయువు చొరని చోటనే అది మొలకెత్తి వృద్ధిచెందును. కోసిన తరువాత నెత్తురు ప్రసరింపక వాడిపోవు బొడ్డు దానికి అనువైన నేల. అచట అది విషమును పుట్టించును. ఆ విషము నరముల వెంట వెన్నుపామును చేరి, కండరములను సడలించు ఆజ్ఞలను అడ్డగించును. కనుకనే బిగిసిన కండరము బిగిసియే యుండును. ఇనుప త్రుప్పువలన ధనుర్వాతము వచ్చునను నమ్మకము లోకమున పాతుకొనియున్నది. త్రుప్పులో విషము లేదు. త్రుప్పుపట్టిన వస్తువునకు అంటుకొనిన మట్టిలోనే అపాయమున్నది.

వేములపల్లి పరిసరములు నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద వరి పండు నేలలు. సాగర్ కాలువలకు నీరు వదలినది 1967లో. ఎద్దు, గేదె, పేడకుప్ప, కొడవలి లేని సేద్యమును ఆనాడు ఊహింపజాలము. పైరు కోసిన కొడవలియే అక్కరపడినపుడు బొడ్డు కోయుటకును చేతికి వచ్చినచో, అందులో ఎవరి దుర్బుద్ధియు లేదు. అన్నము పెట్టు మట్టిలోనే ఆయువు తీయు బీజము దాగియున్నదని తెలియకపోవుటయే అసలు లోపము.

ఈ లోపము మన పల్లెలదే కాదు. స్కాట్లండునకు పడమటి సముద్రములో సెయింట్ కిల్డా యను చిన్న దీవి కలదు. 19వ శతాబ్దమున అచట పుట్టిన బిడ్డలలో పెక్కుమంది వారము దాటుసరికి దవుడలు బిగిసి మరణించుచుండిరి. ఆ దీవివాసులు దానిని ఎనిమిది దినముల జబ్బు అనిరి. ఆ శతాబ్దపు చివరి దశాబ్దమున అచటి మతాచార్యుడు ఆంగస్ ఫిడెస్, బొడ్డును శుభ్రముగా కోసి కాపాడు పద్ధతిని ప్రవేశపెట్టగా ఆ మరణములు ఆగిపోయినవి.

శాస్త్రజ్ఞుల కృషియు ఆ కాలముననే ఫలించినది. 1884లో జర్మనీకి చెందిన నికొలైయర్ ఈ వ్యాధికి మట్టితోగల సంబంధమును చూపెను. 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో సూక్ష్మజీవిని వేరుచేసి పెంచెను. మరుసటి సంవత్సరమే బేరింగ్‌తో కలసి, ఆ విషమునకు విరుగుడు రక్తమునందే పుట్టగలదని నిరూపించెను. 1920వ దశకమున, విషపు కోరలు ఊడదీసి దానినే టీకాగా మార్చు ఉపాయము తెలిసినది.

ఈ టీకాలోని విశేషము గమనింపదగినది. పుట్టబోవు బిడ్డకు సూది వేయుటకు వీలులేదు. కాని తల్లికి వేసినచో ఆమె రక్తములో పుట్టిన రక్షక పదార్థము మావి దాటి గర్భస్థ శిశువును చేరును. బిడ్డ లోకమునకు వచ్చుసరికే తల్లి ఇచ్చిన కవచము ధరించియుండును. గర్భిణికి నాలుగు వారముల ఎడముతో వేయు రెండు సూదుల ఫలమిది.

అయినను కనుగొన్నది ఇంటింటికి చేరుటకు చాల కాలము పట్టినది. 1988లో ప్రపంచమున 7,87,000 మంది నవజాత శిశువులు ఈ వ్యాధితో మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. భారతదేశమున ఒకప్పుడు ఏటేట లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు శిశువులకు ఇది సోకెడిది. ఇంటనే పుట్టి, పేరైనను పెట్టకముందే ఇంటనే మరణించిన బిడ్డలు ఏ లెక్కలోనికిని ఎక్కలేదు. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమము ప్రారంభమైనది. సూది మందుతో ఊరూర తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు గర్భిణుల జాబితాలు వ్రాసికొనిరి. మంత్రసానులకు శుభ్రమైన చేతులు, శుభ్రమైన పడక, క్రొత్త బ్లేడు, శుభ్రమైన దారము, ఏమియు పూయని బొడ్డు అను ఐదు నియమములు నేర్పబడినవి. ఏమియు పూయకుండుటయే వైద్యమని నమ్మించుట ఈ ఐదింటిలో అన్నిటికంటె కష్టమైన పని యనుటలో అతిశయోక్తి లేదు.

ఆ శ్రమ వృథా కాలేదు. 2003లో, నల్లగొండ జిల్లా అంతర్భాగముగానున్న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, నవజాత శిశు ధనుర్వాతమును నిర్మూలించినట్లు నిర్ధారింపబడిన రాష్ట్రములలో దేశమున మొదటిది. 2015లో భారతదేశమంతయు ఆ స్థితిని చేరుకొన్నది. ఇపుడు తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలో జరుగుచున్నట్లు 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుచున్నది.

అయితే నిర్మూలనమను మాటకు ఇచట ఒక ప్రత్యేకార్థమున్నది. ప్రతి జిల్లాలోను వేయి జననములకు ఒకటికంటె తక్కువగా వ్యాధి కనబడుటయే ఆ మాటకు అర్థము. మశూచి మనిషినుండి మనిషికి వ్యాపించునది. మనుష్యులలో దానికి తావు లేకుండ చేయగా లోకమునుండియే తొలగిపోయినది. ధనుర్వాతము అట్లు కాదు. దాని ఉనికి మట్టిలో. వేములపల్లి పొలములలోను, ప్రపంచములోని ఏ పొలములోనైనను, అది నేటికిని పడియున్నది. ఒక తల్లి పొందిన రక్షణ మరియొక తల్లికి చెల్లదు. వ్యాధి సోకి బ్రతికినవారికి సైతము దానివలన రక్షణ కలుగదు. కాబట్టి ఈ యుద్ధమున విజయము ఒకమారు గెలిచి దాచుకొను సొత్తు కాదు. ప్రతి తరము తిరిగి సంపాదించుకొనవలసినది.

ఆ సంపాదనకు పాఠశాలయు ఒక చోటు. జాతీయ టీకాల పట్టిక ననుసరించి పదవ ఏటను, పదునారవ ఏటను బాలబాలికలకు ధనుర్వాత, కంఠసర్పి రోగములు రాకుండ టీడీ టీకా వేయుదురు. టీకా దినమున తరగతిలో కొందరు పిల్లలు వెనుక బల్లల చాటున దాగుదురు. కొందరు ఆ దినము బడికే రారు. ఉపాధ్యాయుడు హాజరుపట్టీ చూచి, రాని పిల్లల పేర్లు వ్రాసి, మరల వారిని పిలిపించుట చిన్న పనిగా కనబడును. కాని తలయెత్తి చేయి చాచిన ఆ బాలిక తన్ను మాత్రమే కాపాడుకొనుటలేదు. ఆమె పెరిగి పెద్దదై తల్లి కాబోవునాడు గర్భిణికి వేయు సూది ఆ రక్షణను తిరిగి బలపరచును. అపుడు గుమ్మమునకు వేపమండ కట్టిన పెద్దల కోరిక నిజముగా నెరవేరును.