మూకుడు మూలపడుతుందా? ఎయిర్ ఫ్రయర్ కొనే ముందు ఒక లెక్క

మచిలీపట్నం: మిక్సీ వచ్చి రోటిని పెరట్లోకి నెట్టింది. గ్యాసు వచ్చి కట్టెల పొయ్యిని ఆర్పేసింది. కరెంటు కుక్కరు వచ్చి గంజి వార్చే పని తప్పించింది. ఇప్పుడు ఎయిర్ ఫ్రయర్ వంతు వచ్చింది. నూనె లేకుండా వేపుళ్లు చేస్తుందన్నది దీనికున్న పేరు. ప్రకటన చూసి కొనాలనుకునేవారు కొందరు. ఇంట్లో పెద్దాయనకు గుండెజబ్బో, అమ్మమ్మకు షుగరో ఉందని పిల్లలు కొనిస్తామంటుంటే కాదనలేనివారు కొందరు. ధర చూస్తే నాలుగైదు వేల రూపాయల నుంచి పది వేలు దాటి ఉంది. పల్లెటూరి సంసారంలో అది చిన్న మొత్తం కాదు. మూడు నెలలు వాడి అటకెక్కించే వస్తువయితే ఆ డబ్బు దండగ. రోజూ పనికొచ్చేదయితే దండగ కాదు. బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్లలో మనం రోజూ వండుకునే వంటకే దీన్ని పెట్టి చూద్దాం.

వేపే యంత్రం కాదు

ముందుగా తెలుసుకోవలసిందేమంటే, పేరులో వేపుడు ఉన్నా ఇది వేపే యంత్రం కాదు. పైన కరెంటుతో ఎర్రబడే తీగచుట్ట, దాని మీద జోరుగా తిరిగే ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. ఇంతే దీని నిర్మాణం. ఫ్యాను వేడిగాలిని బుట్టలోని పదార్థం చుట్టూ తిప్పుతుంది. వేడిని సాధారణంగా 80 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వరకు పెట్టుకోవచ్చు. బేకరీ పొయ్యికి ఇది చిన్న తమ్ముడనుకోవచ్చు. ఫిలిప్స్ కంపెనీ 2010లో జర్మనీలోని బెర్లిన్ ప్రదర్శనలో దీన్ని జనం ముందుకు తెచ్చింది.

గిలకలదిండిలోనో, నాగాయలంకలోనో ఉప్పుచేపలు ఎండబెట్టడం చూసినవారికి ఇది పనిచేసే తీరు ఇట్టే అర్థమవుతుంది. చేప ఎండాలంటే ఎండ ఒక్కటే చాలదు. గాలి తోడవ్వాలి. పైతడిని గాలి ఎత్తుకుపోతుంటేనే చేప త్వరగా ఎండుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో జరిగేదీ అదే. ముక్క పైనున్న తడి ఆరిపోతుంది, తరువాత పైపొర ఎర్రబడి కరకరలాడుతుంది.

నూనెలో వేగడం వేరు. గాలి కంటే నూనె వేడిని చాలా త్వరగా అందిస్తుంది. అందుకే గారె మూకుట్లో పడగానే దానికి పొర కట్టుకుంటుంది. అదే పిండిని ఎయిర్ ఫ్రయర్ బుట్టలో వేస్తే పొర కట్టేలోగా చిల్లుల్లోంచి జారిపోతుంది. ఈ తేడా గుర్తుంచుకుంటే ఏ వంట కుదురుతుందో, ఏది కుదరదో ఎవరూ చెప్పనక్కరలేదు.

చేపకు సై, గారెకు నై

మొదట కుదిరేవి చూద్దాం. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన చేప ముక్కలు దీనికి బాగా నప్పుతాయి. బొచ్చె అయినా, పండుగప్ప అయినా, వంజరం అయినా ఒక చెంచా నూనె రాసి 180 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి, మధ్యలో ఒకసారి తిప్పితే సరిపోతుంది. ముక్క మందాన్ని బట్టి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. రొయ్యలకు ఆరేడు నిమిషాలు చాలు. ఇంకా ఉంచితే రబ్బరు ముక్కల్లా సాగుతాయి. కోడిమాంసం ముక్కలు కూడా బాగానే వస్తాయి. బెండకాయ, కాకరకాయ, దొండకాయ ముక్కలకు కాస్త నూనె పట్టిస్తే కరకరలాడతాయి. కంద, చేమదుంప అయితే ముందు ఉడికించుకోవాలి. వేరుశనగ గుళ్లు వేగుతాయి. నిన్నటి గారెలు, మిగిలిన పునుగులు మూడు నాలుగు నిమిషాల్లో మళ్లీ కరకరలాడతాయి. ఈ చివరి పనిలో దీనికి సాటి లేదు.

ఇక కుదరనివి. పునుగులు, బజ్జీలు, గారెలు, బూరెలు అన్నీ జారు పిండితో చేసేవే. వాటికి మూకుడు తప్ప దిక్కులేదు. జంతికలు, చెక్కలు చేయవచ్చు గాని అవి బిస్కెట్లలా గట్టిపడతాయి, గుల్లగా రావు. అప్పడం చాలా తేలిక. దాన్ని పైన ఏదైనా జాలీతో అదిమిపెట్టకపోతే ఫ్యాను గాలికి ఎగిరి ఎర్రబడిన తీగకు తగులుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బందరు లడ్డు సంగతి చెప్పనే అక్కరలేదు. శనగపిండి పూసను కాల్చి, దంచి, బెల్లం పాకంలో కలిపే ఆ పని ఈ బుట్టలో సాగదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. మన ఇంట్లో రోజూ ఉండేవి అన్నం, పప్పు, పులుసు, పచ్చడి, మజ్జిగ. చేప తెచ్చినా సగం రోజులు పులుసే పెడతాం, రొయ్యలు తెచ్చినా ఇగురే వండుతాం. వీటిలో ఒక్కదానికీ ఎయిర్ ఫ్రయర్ పనికిరాదు. బెండకాయ వేపుడు అందులో చేసినా తాలింపుకు మళ్లీ మూకుడు పొయ్యి మీద పెట్టవలసిందే.

నూనె ఎక్కడ పోతోంది?

ఆరోగ్యం కోసమే కొంటున్నామనేవారు ఒక లెక్క వేసుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీల ఆహారం తినే మనిషికి నూనె, నెయ్యి వంటివి అన్నీ కలిపి 27 గ్రాములు చాలని అందులో ఉంది. ఐదుగురున్న ఇంటికి ఇది నెలకు నాలుగు కిలోలవుతుంది. లీటరు నూనె ప్యాకెట్టు బరువు సుమారు 910 గ్రాములు. అంటే నెలకు నాలుగున్నర ప్యాకెట్లు. పొలం పని చేసేవారు ఎక్కువ తింటారు కాబట్టి వారి లెక్క కొంత పెరుగుతుంది, చిన్నపిల్లల లెక్క తగ్గుతుంది.

మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో కిరాణా చీటీ చూసి లెక్కపెట్టండి. ఏడెనిమిది అవుతుంటే ఆ నూనె దేనికి పోతోందో చూడండి. పండగ పిండివంటలు, సాయంత్రం బజ్జీలకే పోతుంటే అది ఒక దారి. తాలింపుల్లో, ఇగురులో పైకి తేలే నూనెలో, పచ్చళ్లలో పోతుంటే యంత్రం కొన్నా ఒక్క చుక్క తగ్గదు. అక్కడ తగ్గించవలసింది గరిటె. సీసాలోంచి వంపకుండా చెంచాతో కొలిచి పోయడానికి పైసా ఖర్చు లేదు.

అయితే ఎయిర్ ఫ్రయర్ వల్ల నిజమైన మేలు ఒకటుంది. మూకుట్లో మిగిలిన నూనెను రేపటికి, ఎల్లుండికి దాచి మళ్లీ కాచడం చాలా ఇళ్లలో అలవాటు. మళ్లీ మళ్లీ కాగిన నూనె చెడిపోతుంది. అలా చెడిన పదార్థాలు నూనెలో 25 శాతం దాటితే వంటకు వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం 2018 జులై నుంచి అమలులో ఉంది. చెంచా నూనెతో ముక్కలు చేసుకునే ఇంట్లో కాగి మిగిలే నూనె ఉండదు. వారంలో మూడు నాలుగు రోజులు చేప, కోడి వేపుడు తినే ఇంటికి ఇది మంచి లాభమే.

షుగరు ఉన్నవారికి ఒక మాట. ఆలుగడ్డను నూనెలో వేపినా, గాలిలో వేపినా అందులోని పిండిపదార్థం అంతే ఉంటుంది. నూనె లేదు కదా అని బుట్టెడు తింటే షుగరు పెరగక మానదు. ఆలుగడ్డ వంటివి బాగా మాడితే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అందుచేత ముక్కలు బంగారు రంగుకు రాగానే తీసేయాలి. నల్లబడేదాకా ఉంచకూడదు.

ఐదుగురికి మూడు వాయిలు

దుకాణంలో బుట్ట నాలుగు లీటర్లని చెబుతారు. అది బుట్ట లోతుతో కలిపి చెప్పే లెక్క. ముక్కల చుట్టూ గాలి ఆడాలంటే ఒక్క వరసే పరచాలి. అలా పరిస్తే ఒక వాయికి అరకిలో చేప ముక్కలు పట్టడం కష్టం. కిలో చేప తెచ్చిన ఇంట్లో రెండు మూడు వాయిలు వేయాలి. వాయికి పావుగంట చొప్పున ముప్పావుగంట. మొదటి వాయి తిన్నవారు చేతులు కడుక్కునేసరికి మూడో వాయి దిగుతుంది. వండే ఆవిడ మాత్రం చివరిదాకా నిలబడాలి. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో ఈ బాధ లేదు. ఒక్క వాయితో పని అయిపోతుంది, పొయ్యి దగ్గర కాచుకుని కూర్చునే పనీ ఉండదు. పిల్లలు దూరాన ఉండి, పెద్దవాళ్లిద్దరే ఉంటున్న ఇళ్లు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. వారికి ఇది నప్పే వస్తువు.

కరెంటు సంగతి

1,500 వాట్ల యంత్రం 20 నిమిషాలు తిరిగితే అర యూనిట్ అవుతుంది. రోజుకు రెండు వాయిల చొప్పున నెలలో 20 రోజులు వాడితే 20 యూనిట్లు. మీ బిల్లు ఏ శ్లాబులో ఉందో చూసుకోండి. ఈ 20 యూనిట్లు పై శ్లాబులోకి నెడితే ఆ మేరకు ఖర్చు పెరుగుతుంది. మరో పక్క 2024 నవంబరులో మొదలైన దీపం-2 పథకం కింద అర్హత ఉన్న కుటుంబాలకు ఏటా 3 గ్యాసు సిలిండర్లు ఉచితం. అలాంటి ఇంట్లో గ్యాసు మాని కరెంటు కాల్చడం వల్ల మిగిలేదేమీ ఉండదు.

వోల్టేజి కూడా చూసుకోవాలి. లైను చివరనున్న ఊళ్లలో 230 వోల్టులకు బదులు 180 వస్తే యంత్రం ఇచ్చే వేడి పదింట ఆరు వంతులకు పడిపోతుంది. అప్పుడు ముక్క కరకరలాడదు, ఊరికే ఎండిపోతుంది. ఈ యంత్రం ఆరేడు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. చిన్న ప్లగ్గులో పెడితే ప్లగ్గు వేడెక్కి కరిగే ప్రమాదముంది. ఫ్రిజ్జుకు పెట్టినట్టే పెద్ద ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలి.

అమెరికా నుంచి తెచ్చే వస్తువు విషయంలో మరీ జాగ్రత్త అవసరం. అక్కడి కరెంటు 120 వోల్టులు. ఆ వస్తువును మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. పిన్ను మార్చే చిన్న ముక్క వోల్టేజిని తగ్గించదు. 1,500 వాట్లను మోయగల ట్రాన్స్‌ఫార్మరు కొనాలంటే అది బరువే కాదు, ఖర్చు కూడా. పిల్లలు ప్రేమతో తెస్తామంటే అక్కడ కొనవద్దని, ఇక్కడే కొనిపెట్టమని ముందుగానే చెప్పడం మేలు.

సముద్రం ఒడ్డునున్న మనకు గాలివానలు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరచిపోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను తీరం దాటినప్పుడు కూడా కరెంటు సరఫరా దెబ్బతింది. అలాంటి రోజున ఇంట్లో పొయ్యి, మూకుడు ఉంటేనే నోట్లోకి నాలుగు మెతుకులు వెళతాయి. కాబట్టి ఎయిర్ ఫ్రయర్ అదనపు వస్తువుగా ఉండవచ్చు గాని, పొయ్యికి బదులు కాలేదు. ఉప్పుగాలికి ఇనుప భాగాలు త్వరగా తుప్పు పడతాయి. వాడని రోజుల్లో తుడిచి, గుడ్డ కప్పి ఉంచాలి. బుట్టను స్టీలు పీచుతో తోమితే పైపూత లేచిపోతుంది. చెడితే బాగుచేసేవారు గుడివాడలోనో, బందరులోనో ఉన్నారా, లేక విజయవాడ మోసుకుపోవాలా అన్నది డబ్బు కట్టకముందే అడగాలి.

నెల రోజుల గీతలు

ఇంతకీ కొనాలా, వద్దా? దీనికి దుకాణదారును అడగనక్కరలేదు, మీ ఇంటి క్యాలెండరే చెబుతుంది. ఒక నెల పాటు ఒక పని చేయండి. చేప, కోడి, కూర ముక్కలు మూకుట్లో వేపిన రోజున ఆ తేదీ మీద ఒక గీత పెట్టండి. గారెలు, బజ్జీలు వేసిన రోజున చుక్క పెట్టండి. నెలాఖరున లెక్క చూడండి.

గీతలు పది పన్నెండు దాటి, ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉండి, కరెంటు సరిగా ఉంటే కొనవచ్చు. వేపుడు లేనిదే ముద్ద దిగని గుండెజబ్బు మనిషి ఇంట్లో ఉంటే ఇంకా ఆలోచించనక్కరలేదు. గీతల కంటే చుక్కలే ఎక్కువయితే యంత్రం మీ పని చేయదు. గీతలు నాలుగైదే ఉంటే మీ ఇల్లు ఇప్పటికే పప్పు, పులుసు, మజ్జిగతో చక్కగా నడుస్తోందన్నమాట. ఆ డబ్బు దాచుకోండి. మూకుడు ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి, నూనె మాత్రం చెంచాతో కొలిచి పోయండి.