జీపు వెనుక ఇరుసు విప్పుట

కొంతకాలం క్రిందట కురబలకోటలో రోడ్డు ప్రక్కనున్న ఒక షెడ్డులో మేము చూచిన దృశ్యమే ఈ వ్యాసానికి కారణం. అది పాత మహీంద్రా జీపు. నేల కొంచెం వాలుగా ఉన్నది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, వెనుక కుడిచక్రాన్ని జాకీతో లేపారు. మేస్త్రీ వద్ద పని నేర్చుకొనే కుర్రవాడు క్రిందికి దూరబోతుండగా బండి మెల్లగా కదిలి జాకీ మీదినుండి జారిపడింది. అదృష్టవశాత్తు అతనికి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. "బ్రేకు వేసే ఉండాది సార్, ఎట్ల కదిలిందో!" అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు అప్పుడు సమాధానం తోచలేదు.

సమాధానం డిఫరెన్షియల్‌లోనే ఉన్నది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రాలు ఇరుసు మీద వేటికవే తిరుగుతాయి. యంత్రశక్తి తిప్పే ఇరుసుకు ఆ స్వేచ్ఛనిచ్చే ఏర్పాటుకు ఫ్రాన్సు దేశస్థుడు ఒనెసిఫోర్ పెకర్ 1828లో పేటెంటు పొందాడు. దాని గుణం విచిత్రమైనది. ప్రొపెల్లర్ షాఫ్టును కదలకుండా పట్టి ఉంచినా, ఒక చక్రం ముందుకు తిరిగితే రెండవది అంతే వెనుకకు తిరుగుతుంది.

1940ల చివర మహీంద్రా సంస్థ బొంబాయిలో కూర్చడం ప్రారంభించిన విల్లీస్ తరహా జీపులలో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకనున్న డ్రమ్మును పట్టి, దాని ద్వారా షాఫ్టును ఆపుతుంది. ఒక చక్రం గాలిలో ఉంటే అది వెనుకకు తిరుగుతూ నేలమీది చక్రాన్ని ముందుకు పోనిస్తుంది. ఇక షాఫ్టునే విప్పితే బ్రేకుకూ, గేరుకూ వెనుక చక్రాలతో సంబంధమే ఉండదు. నాలుగు చక్రాల లివరు వేసి ఉంటే ముందు ఇరుసు కొంత ఆపవచ్చు గాని, రాళ్ళకు అది బదులు కాదు.

కనుక చదునైన నేల చూచుకొని, ముందు చక్రాలకు రెండువైపులా రాళ్ళు పెట్టిన పిమ్మటనే స్పానరు చేతబట్టాలి. వెనుకభాగాన్ని లేపి, చాసిస్ క్రింద ఇరువైపులా గట్టి స్టాండ్లు నిలపాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు.

గేర్ ఆయిలు దించి, షాఫ్టు చివర యూ-బోల్టులు విప్పేముందు ఎదురెదురు భాగాలకు గుర్తులు పెట్టాలి. జాయింటు కప్పులను తీగతో కట్టకపోతే లోపలి సూదుల వంటి రోలర్లు మట్టిలో రాలిపోతాయి. వాటిని ఏరడం కంటే ఆవాలు ఏరడం తేలిక. షాఫ్టు జారుడు భాగం మీది రెండు బాణపు గుర్తులు తిరిగి బిగించేటప్పుడు ఒకే వరుసలోకి రావాలి. రాకపోతే బండి వణుకుతుంది.

యాక్సిల్ షాఫ్టులు బయటికి రానిదే డిఫరెన్షియల్ రాదు. యుద్ధకాలపు జీపులో హబ్బు బోల్టులు తీసి వాటిని లాగవచ్చు. తరువాతి రకాలలో హబ్బును పుల్లరుతో పీకాలి. ఆపై వెనుక మూత తీసి, బేరింగు క్యాపులకు కుడి ఎడమల గుర్తు పెట్టాలి. క్రౌన్, పినియన్ జతగా పుట్టినవి. 43 పళ్ళకు 8 పళ్ళ జత అయినా సరే, మరొక బండి పినియన్‌తో ఆ క్రౌన్ పొసగదు. బేరింగుల వద్దనుండే పలుచని షిమ్ములు ఆ పొందికను కాపాడుతాయి. మేము చూచిన మేస్త్రీ కుడివైపువి ఒక మేకుకు, ఎడమవైపువి మరొక మేకుకు దారంతో కట్టి వ్రేలాడదీశాడు.