ఇంటికి ప్రొజెక్టర్ కొనే ముందు

"పాఠాలూ చూడవచ్చు, సినిమాలూ చూడవచ్చు కదా, ఇంటికి ఒక ప్రొజెక్టర్ కొనమంటారా?" అని మన పళ్ళిపట్టు ప్రాంతపు తల్లిదండ్రులు కొందరు నన్ను అడుగుతున్నారు. కొనవచ్చు. అయితే ఫీజుకూ పుస్తకాలకూ ఇచ్చిన ఉపకారవేతనాన్ని మాత్రం దీనికి ముట్టుకోవద్దు. వేరే డబ్బు ఉన్నవారు కూడా పెట్టెమీది అంకెలను నమ్మకుండా, ముందు తమ గదిని కొలుచుకోవాలి.

మొదటిది దూరం. ప్రొజెక్టర్ వివరాల్లో 'త్రో రేషియో' అనే అంకె ఉంటుంది. గోడకూ లెన్సుకూ మధ్య దూరాన్ని ఆ అంకెతో భాగిస్తే బొమ్మ వెడల్పు వస్తుంది. దూరం 10 అడుగులు, రేషియో 1.5 అయితే వెడల్పు సుమారు 6 అడుగుల 8 అంగుళాలు, ఎత్తు 3 అడుగుల 9 అంగుళాలు. గది ఇంకా చిన్నదైతే తక్కువ రేషియో ఉన్న 'షార్ట్ త్రో' రకం చూడాలి.

రెండవది వెలుగు. పైన చెప్పిన బొమ్మ వైశాల్యం 25 చదరపు అడుగులు. పూర్తిగా చీకటి చేసిన గదిలో చదరపు అడుగుకు 16 ల్యూమెన్ల చొప్పున 400 చాలు. దీపం పాతబడేకొద్దీ వెలుగు సగానికి పడిపోతుంది కాబట్టి కొత్తలో 800 ఉండాలి. పగలు కిటికీలు తెరిచి చూడాలంటే 3,000 అయినా కావాలి. కొన్ని చవకరకాల పెట్టెలమీద ఉత్త 'ల్యూమెన్లు' అని వేలల్లో వేసి ఉంటుంది. 'ఆన్సీ ల్యూమెన్లు' ఎన్ని అని అడగండి. తెరమీద తొమ్మిది చోట్ల కొలిచి సగటు కట్టే లెక్క అది. జవాబు చెప్పలేకపోతే ఆ సరుకు వద్దు. ఎక్కువగా పగలే చూసే ఇంటికి టీవీయే మేలు.

మూడవది అక్షరం. 1960 ఏప్రిల్ 1న మన ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి అప్పటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. బడిలో తమిళం చదివే మన పిల్లలు చాలామందికి తెలుగు అక్షరం ఇంట్లో కనబడాలి. మన లిపిలో ఒత్తులు అక్షరం కింద చిన్నగా ఉంటాయి. తెరమీద చుక్కలు తక్కువైతే 'శాస్త్రం', 'రాష్ట్రం' వంటి మాటలు అలుక్కుపోతాయి. 854×480 రకంలో సుమారు 4 లక్షల చుక్కలుంటే, 1920×1080లో 20 లక్షలకు పైగా ఉంటాయి. '4కే సపోర్ట్' అంటే ఆ సంకేతాన్ని తీసుకోగలదని మాత్రమే అర్థం. 'నేటివ్ రిజల్యూషన్' ఎంతో అడగండి. ప్రొజెక్టర్‌ను వాలుగా పెట్టి 'కీస్టోన్'తో సరిచేసినా కొన్ని చుక్కలు వృథా అవుతాయి. గోడకు ఎదురుగా, నిటారుగా పెట్టండి.

నాలుగవది మన్నిక. మామూలు దీపం సాధారణంగా 4,000 గంటల వరకు పనిచేస్తుంది. రోజుకు మూడు గంటల లెక్కన మూడున్నరేళ్ళు. ఎల్ఈడీ, లేజర్ రకాలకు కంపెనీలు 20,000 గంటలు చెబుతాయి. మరమగ్గాలున్న ఇళ్ళలో నూలు నలుసు గాలిలోనే ఉంటుంది. అది లోపలికి పోతే వేడి పెరిగి దీపం త్వరగా పాడవుతుంది. అందుచేత తీసి శుభ్రం చేసుకోగల ఫిల్టరో, దుమ్ము చొరకుండా మూసిన లోపలి భాగమో ఉన్నది ఎంచుకోండి. మగ్గం ఆడే గదిలో పెడితే అదురుకు బొమ్మ కూడా కదులుతుంది. దీపం ఉన్న రకాన్ని ఆపగానే ప్లగ్గు లాగవద్దు, ఫ్యాను ఆగేవరకు ఉండనివ్వండి.

దుకాణానికి వెళ్ళేటప్పుడు గది కొలతలు రాసుకున్న కాగితం, తెలుగు పాఠం ఒక పేజీ ఉన్న పెన్‌డ్రైవ్ వెంట తీసుకువెళ్ళండి. దుకాణంలో లైట్లు వెలుగుతుండగానే ఆ పేజీ వేయించండి. మీ ఇంట్లో ఎంత దూరంలో కూర్చుంటారో అంత దూరంలో పిల్లవాణ్ణి నిలబెట్టి చదవమనండి. ఒత్తులతో సహా తడుముకోకుండా చదివితే బేరం మొదలుపెట్టవచ్చు.