గ్యాసు అయిపోయిందా? కారిపోయిందా?

ఒక మే నెల మిట్టమధ్యాహ్నం నా పూర్వ విద్యార్థి ఒకతను మా ఇంటికి వచ్చాడు. ఏలూరు, విజయవాడల మధ్య అద్దె కారు నడుపుకుంటూ కుటుంబాన్ని పోషించుకుంటున్నాడు. ముఖంలో దిగులు కనిపిస్తోంది.

“మాస్టారూ, కారులో ఏ.సీ. మళ్లీ పోయింది. పోయిన వేసవిలో గ్యాసు పట్టించాను. అంతకు ముందు వేసవిలోనూ పట్టించాను. ఎన్నిసార్లు పట్టించినా ఏడాది తిరిగేసరికి అయిపోతోంది. నిన్న ఒక పెద్దావిడను ఆసుపత్రికి తీసుకువెళుతుంటే దారిలోనే చల్లదనం ఆగిపోయింది. ఆవిడ ఉక్కకు తట్టుకోలేక సొమ్మసిల్లినంత పనైంది. ఇకమీదట నన్నెవరు పిలుస్తారు?” అన్నాడు.

“అది సరేగాని, గ్యాసు అయిపోతోంది అంటున్నావే, ఎలా అయిపోతుంది? పెట్రోలు అయిపోయినట్లా?” అని అడిగాను.

“అంతేగా మాస్టారూ!” అన్నాడు.

అంతే కాదు! తరగతిలో నేను చెప్పిన పాఠం అతను మరిచిపోయాడు. ఆ మరపు ఖరీదు కొన్ని వేల రూపాయలు. మీకు ఆ నష్టం రాకుండా, ఆ పాఠాన్ని ఈసారి నల్లబల్ల మీద కాక కారు బానెట్టు కింద చెప్పుకుందాం.

చల్లదనం తయారు కాదు

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. చేతి వెనుక భాగం మీద రెండు చుక్కల స్పిరిటు వేసి మెల్లగా ఊదండి. చల్లగా ఉంటుంది గదా! సీసాలో ఉన్నప్పుడు స్పిరిటు చల్లగా లేదు. మరి ఈ చల్లదనం ఎక్కడినుంచి వచ్చింది?

ద్రవం ఆవిరిగా మారాలంటే దానికి వేడి కావాలి. 100 డిగ్రీల దగ్గర ఉన్న 1 గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 540 కేలరీల వేడి తీసుకుంటుంది. దీన్నే బాష్పీభవన గుప్తోష్ణం అంటారని మీరు చదువుకున్నారు. స్పిరిటు తనకు కావలసిన వేడిని మీ చర్మం నుంచి లాక్కుంది. వేడిని పోగొట్టుకున్న చర్మం చల్లబడింది. వేసవిలో మట్టికుండలో నీరు చల్లబడేదీ ఇందువల్లనే.

కారులోని ఏ.సీ. కూడా చల్లదనాన్ని ‘తయారు’ చేయదు. లోపలి వేడిని తీసుకుపోయి బయట పారేస్తుంది. ఆ వేడిని మోసే కూలీయే గ్యాసు. మన రోడ్ల మీద తిరుగుతున్న కార్లు చాలావాటిలో ఉన్నది ఆర్-134ఎ అనే పదార్థం. మామూలు వాతావరణ పీడనం దగ్గర ఇది సున్నాకు 26 డిగ్రీల కిందనే మరుగుతుంది.

కుక్కరు చెప్పే రహస్యం

ప్రెషర్ కుక్కరులో పప్పు త్వరగా ఎందుకు ఉడుకుతుంది? పీడనం పెరిగితే ద్రవం మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. కుక్కరులో నీరు 100 డిగ్రీల దగ్గర కాక, సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పీడనం తగ్గితే ఇందుకు వ్యతిరేకం. ఎత్తయిన కొండల మీద నీరు 100 డిగ్రీలకన్నా ముందే మరుగుతుంది.

ఈ ఒక్క సూత్రంతో ఏ.సీ. అంతా నడుస్తుంది. పీడనం తగ్గించి గ్యాసును కారు లోపల మరిగిస్తారు. పీడనం పెంచి కారు బయట తిరిగి ద్రవంగా మారుస్తారు.

నాలుగు మజిలీల ప్రయాణం

మొదటి మజిలీ కంప్రెసరు. చాలా కార్లలో ఇంజనే బెల్టు ద్వారా దీన్ని తిప్పుతుంది. ఇది గ్యాసును గట్టిగా నొక్కి, పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ పెంచుతుంది.

రెండోది కండెన్సరు. కారు ముందు భాగంలో, రేడియేటరుకు ముందు, సన్నని రేకులతో జల్లెడలాగా ఉంటుంది. బయటి గాలి 42 డిగ్రీలు ఉందనుకోండి. నీరు పల్లానికి పారినట్లు, వేడి ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకే పోతుంది. కాబట్టి గ్యాసు 42 డిగ్రీలకన్నా వేడిగా, ఏ 60 డిగ్రీల దగ్గరో ఉండాలి. ఆర్-134ఎ 60 డిగ్రీల దగ్గర ద్రవంగా మారాలంటే పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 17 రెట్లు ఉండాలి. అందుకే కంప్రెసరు అంత కష్టపడుతుంది.

మూడోది ఎక్స్‌పాన్షన్ వాల్వు. ఇది చాలా సన్నని ద్వారం. దీనిలోంచి దూరిన ద్రవం పీడనం ఒక్కసారిగా వాతావరణ పీడనానికి 3 రెట్ల దాకా పడిపోతుంది.

నాలుగోది డ్యాష్‌బోర్డు వెనుక దాగి ఉండే కూలింగ్ కాయిల్. పీడనం తగ్గిన ద్రవం ఇక్కడ సున్నా డిగ్రీలకు కొంచెం పైననే మరిగిపోతుంది. అందుకు కావలసిన వేడిని కారులోని గాలి నుంచి తీసుకుంటుంది. ఆ గాలి చల్లబడి మీ ముఖానికి తగులుతుంది. గాలిలోని తేమ కాయిల్ మీద నీటి బొట్లుగా మారి, గొట్టం ద్వారా కారు కిందికి పోతుంది. ఏ.సీ. వేసిన కారు కింద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడడం మీరు చూసే ఉంటారు. అది లోపం కాదు. ఆ గొట్టం మూసుకుపోయి నీళ్లు కారు లోపలికి వస్తేనే లోపం.

ఆవిరిగా మారిన గ్యాసు తిరిగి కంప్రెసరుకు చేరుతుంది. చూశారా? పెట్రోలు మండి పొగ అయిపోతుంది. ఈ గ్యాసు మాత్రం ఎక్కడా మండదు, ఖర్చు కాదు. మూసిన గొట్టాల్లో మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఊరిపోవడం సహజమే. కాని ఒక్క ఏడాదిలో చల్లదనం పోయేంతగా తగ్గిందంటే అది అయిపోలేదు, ఎక్కడో కారిపోయింది.

రెండు ముళ్ల వైద్యం

ఆ సాయంత్రం నేనూ నా విద్యార్థితో కలిసి అతనికి తెలిసిన ఒక పెద్ద వయసు మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. ఆయన వెంటనే గ్యాసు సిలిండరు తీయలేదు. ముందు ఏ.సీ. వేయించి, కండెన్సరు ముందు ఫ్యాను తిరుగుతోందా, కంప్రెసరు ‘టక్’మని పట్టుకుంటోందా అని చూశారు. లోపలికి గాలి పోయే వడపోత దుమ్ముతో మూసుకుపోయిందేమో చూశారు. ఆ తరువాతే రెండు గేజీలు తగిలించారు. జ్వరానికి వైద్యుడు థర్మామీటరు పెట్టినట్లన్నమాట.

నీలం గేజీ తక్కువ పీడనం వైపుది. ఎరుపు గేజీ ఎక్కువ పీడనం వైపుది. మెకానిక్కులు వీటిని చదరపు అంగుళానికి పౌండ్లలో చదువుతారు. మామూలు వాతావరణ పీడనాన్ని గేజీ సున్నాగా చూపుతుంది. మండువేసవిలో బాగా పనిచేసే ఏ.సీ.లో నీలం ముల్లు 30, 40 దగ్గర, ఎరుపు ముల్లు 200 దాటి ఉండడం మామూలు. ఇక తేడాలు చూడండి.

రెండు ముళ్లూ బాగా తక్కువ చూపితే, గొట్టాల్లో గ్యాసు తక్కువగా ఉన్నట్లు.

రెండూ బాగా ఎక్కువ చూపితే, కండెన్సరు వేడిని వదలలేకపోతోంది. ఫ్యాను ఆగి ఉండవచ్చు, రేకుల మధ్య మట్టి పేరుకుని ఉండవచ్చు. లేదా గ్యాసు మోతాదు మించి ఉండవచ్చు. ఇక్కడ ఇంకా గ్యాసు ఎక్కిస్తే జబ్బు ముదురుతుంది.

నీలం ఎక్కువగానూ ఎరుపు తక్కువగానూ ఉంటే, కంప్రెసరు అరిగి నొక్కలేకపోతోందని అనుమానించాలి.

ఎరుపు తగ్గకుండా, నీలం మాత్రం సున్నా దాకా దిగజారితే, వాల్వు దగ్గర దారి మూసుకుపోయిందేమో చూడాలి.

నా విద్యార్థి కారులో రెండు ముళ్లూ తక్కువే చూపాయి. ఇంజను ఆపగానే ఒక విచిత్రం జరిగింది. కాసేపటికి రెండు ముళ్లూ ఒకే అంకె దగ్గరికి చేరి, 100 దాటి నిలిచాయి. “చూశారా మాస్టారూ, గ్యాసు నిండుగానే ఉంది!” అన్నాడు నా విద్యార్థి ఆశగా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మూసిన పాత్రలో కొంచెం ద్రవం, దాని ఆవిరి కలిసి ఉంటే, ఆ పీడనం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది గాని, ద్రవం ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉండదు. దీన్ని సంతృప్త బాష్ప పీడనం అంటారు. ఆర్-134ఎకి 35 డిగ్రీల దగ్గర ఇది గేజీ మీద దాదాపు 115 పౌండ్లు. లోపల అర కిలో ఉన్నా అంతే, పావు కిలో ఉన్నా అంతే! మీ ఇంటి వంటగ్యాసు సిలిండరులో ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయాలి గదా, ఇదీ అంతే. అందుకే సరైన మోతాదును తూకం వేసి నింపుతారు. ఎన్ని గ్రాములో బానెట్టు కింద అంటించిన చీటీ మీద సాధారణంగా రాసి ఉంటుంది. చిన్న కార్లకు ఇది అర కిలోకు అటూ ఇటూగా ఉంటుంది.

నూనె మరక పట్టించిన దొంగ

గ్యాసుతో పాటు కొంచెం నూనె కూడా గొట్టాల్లో తిరుగుతూ, కంప్రెసరు అరగకుండా కాపాడుతుంది. గ్యాసు కారిన చోట నూనె కూడా బయటికి వచ్చి, దుమ్ము అంటుకుని నల్లటి మరక అవుతుంది. మెకానిక్కు దీపం పట్టుకుని ఒక్కొక్క అతుకూ వెదికారు. కండెన్సరు దగ్గర ఒక అతుకు మీద మరక కనిపించింది. సబ్బునురుగు రాయగానే చిన్న చిన్న బుడగలు లేచాయి. దొంగ దొరికాడు! లోపలి రబ్బరు ఉంగరం ఎండి పగిలిపోయింది. దాని ధర వంద రూపాయలు కూడా లేదు.

మిగిలిన గ్యాసును గాలిలోకి వదలకుండా యంత్రంతో సిలిండరులోకి లాగారు. కొత్త ఉంగరం వేశారు. తరువాత వెంటనే గ్యాసు నింపలేదు. అరగంటకు పైగా పంపుతో గొట్టాల్లోని గాలినంతా తోడేశారు. ఎందుకు? గాలితో పాటు తేమ లోపలికి చేరుతుంది. ఆ తేమ సన్నని వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూసేయగలదు. నూనెతో కలిసి ఆమ్లాలు పుట్టించి లోహాన్ని తినేయగలదు. పీడనం బాగా తగ్గిస్తే నీరు మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. కొండ మీది నీటి సంగతి ఇక్కడ పనికివచ్చింది! పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలబడితే, ఇంకెక్కడా పెద్ద లీకు లేదని ధైర్యం.

ఆకాశానికి కట్టే జరిమానా

ఈ నష్టం ఒక్క డ్రైవరుదే కాదు. పూర్వం కార్ల ఏ.సీ.లలో ఆర్-12 అనే క్లోరోఫ్లోరోకార్బను వాడేవారు. ఇటువంటి వాయువులు ఓజోను పొరకు హాని చేస్తాయని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోను బాగా పలచబడిందన్న సంగతి ప్రకటితమైంది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరి, ఆ వాయువుల తయారీ క్రమంగా ఆగిపోయింది.

తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోను జోలికి పోదు. కాని వంద ఏళ్ల లెక్కన, అది అంతే బరువు గల కార్బన్ డయాక్సైడుకన్నా సుమారు 1,400 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అర కిలో గ్యాసు కారిపోతే 700 కిలోల కార్బన్ డయాక్సైడు వదిలినట్లే. 1 లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగితే 700 కిలోలు వస్తుందో మీరే లెక్క కట్టండి. ఇటువంటి వాయువుల వాడకాన్ని తగ్గించాలని 2016లో కిగాలీలో ప్రపంచ దేశాలు అంగీకరించాయి. భూమిని చాలా తక్కువగా వేడెక్కించే ఆర్-1234వైఎఫ్ ఇప్పుడు కొత్త కార్లలోకి వస్తోంది.

ఒక్క మాట. గ్యాసు గొట్టాలను మీరు విప్పే ప్రయత్నం చేయవద్దు. బయటికి చిమ్మిన ద్రవం ఒక్క క్షణంలో మరిగి చర్మాన్ని గడ్డకట్టించగలదు, కంటి చూపును పోగొట్టగలదు. ఏ.సీ. ఉందన్న ధైర్యంతో పసిపిల్లలను ఆగి ఉన్న కారులో వదిలి వెళ్లనూకూడదు. ఇంజను ఆగిందంటే, ఎండలో ఉన్న కారు కొద్ది నిమిషాల్లోనే కొలిమిలా మారుతుంది.

మీరు చేయగలిగింది వేరే ఉంది. ఈసారి ఎవరైనా “గ్యాసు అయిపోయింది” అంటే, “కారిన చోటు వెదికారా?” అని అడగండి. నా విద్యార్థి మరుసటి వేసవిలో మళ్లీ మా ఇంటికి వచ్చాడు. ఈసారి చేతిలో మామిడిపళ్ల బుట్ట ఉంది. “మాస్టారూ, ఈ ఏడు గ్యాసు పట్టించలేదు” అన్నాడు నవ్వుతూ.